అరవై నాలుగో పేజీ తరవాత ఆవపిండి

తెనాలికి జనం పెళ్ళిళ్ళకు వెళతారు. బాపట్లకు సముద్రం చూడ్డానికి వెళతారు. రేపల్లెకు ధాన్యం బేరాలకు వెళతారు. ఒక పుస్తకంలోని పదహారు పేజీల కోసం ఈ మూడు ఊళ్ళూ తిరిగిన మనిషి ప్రపంచ చరిత్రలో నేనొక్కణ్ణే. ఇది పొగరుతో అంటున్న మాట కాదు, విచారించి చెబుతున్నాను. రేపల్లె స్టేషను దగ్గర టీ అమ్మే ఆయన్ని అడిగితే, ఇంతవరకు అలాంటి పని మీద ఎవరూ దిగలేదని ఆయన కూడా ధ్రువీకరించాడు.

నేను కాకినాడలో కళ్ళజోళ్ళ షాపు నడుపుతాను. పగలు జనం కళ్ళు చూస్తాను, సాయంత్రాలు వాళ్ళ మనసులు చదువుతాను. ఈ రెండో పనిని మెంటలిజం అంటారు. ఎదుటివాళ్ళు అనుకున్న అంకె చెప్పడం, కవరులో పెట్టి అంటించిన పేరు చెప్పడం లాంటివి అందులో చిన్న తరగతులు. పెద్ద తరగతి సైకోకైనసిస్. అంటే చెయ్యి తగలకుండా, ఊపిరి ఊదకుండా, ఒక్క మనసుతోనే వస్తువును కదిలించడం. అలా నిజంగా కదిలించినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కదిలించినట్టు కనిపించడమే మా విద్య, దానికే చప్పట్లు.

నా అవమానం

పోయిన ఏడాది మా కాలనీ విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షికోత్సవంలో నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. బల్ల మీద ఖాళీ అగ్గిపెట్టె పెట్టి, దాని వైపు చూశాను. అది కదిలింది. పదివేల మంది ఊపిరి బిగబట్టారు. హాల్లో ఉన్నవి నూట నలభై కుర్చీలే కాని, ఊపిరి బిగబట్టిన తీరు పదివేల మందిది. అప్పుడు మూడో వరసలోంచి ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు లేచి, "ఆ ఫ్యాను ఆపండి" అన్నారు.

ఆపారు. ఆ తరవాత ఆ అగ్గిపెట్టెను ఎంత తీవ్రంగా చూశానంటే నా కళ్ళజోడు నంబరు పెరిగింది. అది మాత్రం కదల్లేదు.

ఈ ఏడాది కార్యదర్శి గారు ముందే చెప్పారు: "మూర్తి గారూ, మీ పదిహేను నిమిషాలూ తంబోలాకి ఇచ్చెయ్యాలని కమిటీ అనుకుంటోందండి. ఇంకొక్కసారి చూస్తారు. కదిలితే మీది, లేకపోతే ఇక ఎప్పటికీ తంబోలాదే." ఏటా ముందు వరసలో కూర్చునే నా భార్య లలిత, పాతికేళ్ళ కాపురంలో ఎన్నడూ అనని మాట అంది: "కదలకపోతే నేనూ తంబోలా టిక్కెట్టు కొనుక్కుంటాను."

దాంతో పట్టుదల వచ్చింది. నా పట్టుదల మామూలుది కాదు. అది వస్తే ఇంట్లో పాలు విరుగుతాయి.

మా విద్యకు మూలం పుస్తకాలు. కాని అతీంద్రియ శక్తుల మీద వచ్చే పుస్తకాల్లో తొంభై తొమ్మిది పాళ్ళు రెండే రకాలు. మొదటి రకం "నీలో అపారశక్తి నిద్రపోతోంది" అని మొదలై, రచయిత నడిపే శిబిరం చిరునామాతో ముగుస్తుంది. రెండో రకం "అంతా మోసం" అని మొదలై, తిట్లతోనే ముగుస్తుంది. నమ్మించే పుస్తకమూ, తిట్టే పుస్తకమూ ప్రదర్శకుడికి పనికిరావు. మాకు కావలసింది మూడో రకం. ప్రదర్శన జరిగిన గదిలో దీపం ఎక్కడుంది, ఎవరు ఎటు కూర్చున్నారు, ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారు, బల్ల ఎంత బరువు, అది ఎంత జరిగింది అని చెప్పేది. అలాంటిది ఒక్కటి దొరికితే పదేళ్ళు బతకొచ్చు.

చత్వారం అద్దాలకని వచ్చిన తెనాలి పెద్దమనిషి ఒకాయన మాటల్లో చెప్పారు. వాళ్ళ ఊళ్ళో ఒక అద్దె పుస్తకాల షాపు ఇంకా బతికే ఉందట, అందులో 'చూపుతో చలనం' అనే పాత పుస్తకం ఉందట, దాని అయిదో అధ్యాయంలో రచయిత తన కళ్ళతో చూసిన ప్రదర్శనలు పూసగుచ్చినట్టు ఉన్నాయట. ఆయన కళ్ళజోడు ఆయన ముక్కు మీద పెట్టకముందే నేను మనసులో రైలెక్కేశాను.

తెనాలి: జిలేబి పూచీ

స్టేషను బయట నన్ను పదకొండు వందల ఆటోలు చుట్టుముట్టాయి. మావైపు ఎవరైనా ఏదైనా అడిగితే "ఆయ్" అంటే చాలు, అందులో అవును, కాదు, చూద్దాం, భోంచేశారా, అన్నీ ఉంటాయి. ఇక్కడ అలా కుదరదు. ఆటో ఆయన "ఎక్కడికండి బాబాయ్ గారూ?" అన్నాడు. నేను "ఆయ్" అన్నాను. ఆయన నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళబోయాడు.

అద్దె పుస్తకాల షాపు ఒక సందులో, జిరాక్సు మిషను వెనకాల ఉంది. ముందు జిరాక్సు, వెనక సాహిత్యం. యజమాని వెంకటరత్నం గారికి డెబ్భై దాటి ఉంటాయి. ఆయన అరలోంచి 'చూపుతో చలనం' తీసి దుమ్ము దులిపితే వీధిలో ముగ్గురు తుమ్మారు.

"ఇది నాకు అమ్మండి" అన్నాను.

"అమ్మమండి. అద్దెకే."

"పోనీ అద్దెకే ఇవ్వండి."

"మెంబర్లకే ఇస్తామండి."

"మెంబరునవుతాను."

"తెనాలి మనిషి ఒకరు మీకు పూచీ సంతకం పెట్టాలండి. ఏడు రోజుల్లో పుస్తకం తిరిగి రాకపోతే వాళ్ళని అడుగుతాం."

తెనాలిలో నన్ను ఎరిగినవాడు అప్పటికి ఒక్కడే. అరగంట ముందు ఆయన దుకాణంలో నిలబడి బెల్లం జిలేబి తిన్నాను. మా కాకినాడ కాజాను కొరికితే పాకం చొక్కా మీదికి దూకుతుంది. ఈ జిలేబి చూపుకి నల్లగా ఉన్నా పెద్దమనిషి తరహా, లోపలి సంగతి లోపలే ఉంచుకుంటుంది. నూరు గ్రాములు పాతిక రూపాయలు. మూడు వందల గ్రాములు తిన్నాను. మెంబరు కార్డు పట్టుకుని మళ్ళీ వెళ్ళి నా అవసరం చెప్పాను.

"మీ పేరేంటండి?" అన్నాడు జిలేబీల ఆయన.

"మూర్తి."

"ఆ కార్డిటివ్వండి. ఇంతలా తిన్నవాళ్ళు పుస్తకం ఎత్తుకుపోరు."

సంతకంతోపాటు ఆయన బొటనవేలి పాకం కూడా కార్డు మీద పడింది. వెంకటరత్నం గారు కార్డు వాసన చూసి, "ఆయనేలెండి" అని సభ్యత్వం ఇచ్చారు.

పుస్తకం చిరిగిన పేజీలతో వస్తుందని భయపడి, అక్కడే నిలబడి పేజీ నంబర్లు ఒకటి నుంచి నూట ఇరవై ఎనిమిది దాకా లెక్కపెట్టాను. ఒక్కటీ పోలేదు. వరసా తప్పలేదు. నేనంత జాగ్రత్తపరుణ్ణి.

లాడ్జి గది

లాడ్జి మంచం మీద కాళ్ళు చాపుకుని చదవడం మొదలుపెట్టాను. అద్దె పుస్తకాలకు ఒక అదనపు సుఖం ఉంది. తీసుకెళ్ళిన ప్రతివాడూ మార్జిన్లో తన అభిప్రాయం రాసి పోతాడు. పన్నెండో పేజీలో "చూపు నిలిపిన దూది ఉండ జరుగును" అన్న చోట ఒకరు పెన్సిలుతో "అబద్ధం. నేను చేసి చూశాను" అని రాశారు. కింద ఇంకొకరు "నువ్వు సరిగ్గా చెయ్యలేదు" అని. ఆ కింద మూడో దస్తూరీ: "ఇద్దరూ ఏదైనా పని చూసుకోండి."

అలా అరవై నాలుగో పేజీ చివరికొచ్చాను. అయిదో అధ్యాయం అక్కడే మొదలైంది. "నేను కన్నులారా చూచిన విధము చెప్పుచున్నాను. ఆ మహనీయుడు చెంచాను రెండు వేళ్ళ నడుమ నిలిపి, దృష్టిని దానిపై కేంద్రీకరించి" అని ఉంది. ఆత్రంగా ఎదుటి పేజీలోకి దూకాను. అరవై అయిదో పేజీ.

"ఆవపిండి వేసి బాగుగా కలుపవలెను. పిదప నూనె పోసి జాడీకి వాసెన కట్టవలెను."

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. అరవై ఆరులో మాగాయ మిగతా భాగం, డెబ్భైలో గోంగూర, డెబ్భై ఆరులో చింతకాయ. ఎనభై దాకా ఒకటే ఊరగాయలు. ఎనభై ఒకటిలో మళ్ళీ మహనీయులు వచ్చారు, కాని అప్పటికి ప్రదర్శన అయిపోయి, అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు.

అంకెలు అన్నీ కరెక్టు. విషయం మాత్రం మారిపోయింది. నంబర్లు లెక్కపెట్టి మురిసిన నన్ను ఆ పుస్తకం, నేను ప్రేక్షకుల్ని బోల్తా కొట్టించినంత సునాయాసంగా బోల్తా కొట్టించింది.

పొద్దున్నే సందులోకి పరుగెత్తాను. వెంకటరత్నం గారు పేజీలు చూసి, జిరాక్సు మిషను ఆపి, కుర్చీలో కూర్చున్నారు.

"ఇన్నేళ్ళలో దీన్ని ముప్పై మంది తీసుకెళ్ళారండి. ఒక్కడూ చెప్పలేదు."

"అరవై అయిదు దాకా ఎవరూ చదివి ఉండరు" అన్నాను.

"అట్టలు ఊడిపోతే బైండరు కోటయ్య చేత కొత్తగా కట్టించాను. ఇప్పుడు బాపట్లలో కూతురింటి దగ్గర ఉంటున్నాడు. ఏ పుస్తకంలో ఏది కలిసిందో అతనికే తెలియాలి. కాని జాగ్రత్తండి, తన చేతిలో తప్పు జరిగిందంటే కోటయ్య ఒప్పుకోడు."

బాపట్ల: చదవని బైండరు

బాపట్లలో దిగేసరికి కోటయ్య ఊళ్ళో లేడు, నాలుగింటికి వస్తాడన్నారు. ఈలోగా సముద్రం చూద్దామని సూర్యలంక వెళ్ళాను. మా కాకినాడ సముద్రం ఆఫీసరు లాంటిది, దూరంగా కూర్చుని పని చేసుకుంటుంది. ఈ సముద్రం మేనబావ లాంటిది. నేను ఇలా నీళ్ళ దగ్గరికి వెళ్ళానో లేదో తాటిచెట్టంత అల ఒకటి వచ్చి నా ఎడమకాలి చెప్పు పట్టుకుపోయింది. దాని వైపు కూడా తీవ్రంగా చూశాను. సైకోకైనసిస్ పని చెయ్యలేదు, చెప్పు బంగాళాఖాతంలోకి వెళ్ళిపోయింది. ఒంటి చెప్పుతో ఊళ్ళోకి వచ్చి, నూట ఇరవై పెట్టి నీలం రబ్బరు చెప్పులు కొనుక్కుని కోటయ్య ఇంటికి వెళ్ళాను.

వరండా అంతా కాలేజీ పిల్లల రికార్డు పుస్తకాలు. ఒక డబ్బాలో మైదా జిగురు, పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం నీలిరంగు. కోటయ్య అరవై అయిదేళ్ళ సన్నటి మనిషి. నా నీలం చెప్పుల వంక చూసి కారణం అడిగాడు, చెప్పాను. టీ తెప్పించబోతే చక్కెర లేకుండా అన్నాను. అప్పుడు పుస్తకం తెరిచి పెట్టాను.

"నా చేతిలో తప్పు జరగదు సార్" అన్నాడు చూడకుండానే.

"చూడండి."

"చూశాను సార్. ఇది అరవై నాలుగు, ఇది అరవై అయిదు. ఏంటి తప్పు?"

"చదవండి."

"బైండరు చదవకూడదు సార్. చదివితే పని సాగదు. కుర్రతనంలో ఒక డిటెక్టివ్ నవల చదువుకుంటూ కుట్టాను. హంతకుడెవరో తెలిసేసరికి ఆ పుస్తకం తాలూకు ఆయన వచ్చి తిట్టి పట్టుకుపోయాడు. అప్పట్నించి అంకెలు తప్ప అక్షరం చూడను."

"ఈ ఒక్కసారికి చదవండి కోటయ్య గారూ."

చదివాడు. "దృష్టిని దానిపై కేంద్రీకరించి" దగ్గర తల ఊపాడు. "ఆవపిండి వేసి" దగ్గర ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి లుంగీతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చదివాడు. పక్కన ఉన్న రికార్డు పుస్తకం మూసి పెట్టాడు.

"పుస్తకం అంటే పదహారు పేజీల మడతలు సార్. మేం ఫారం అంటాం. అరవై అయిదు నుంచి ఎనభై, అయిదో ఫారం. విప్పి, దులిపి, మళ్ళీ నంబరు వరసలో పేర్చి కుట్టాలి. ఆ రోజు నా ముందు రెండు పుస్తకాలు ఉన్నాయి, ఒకే సైజు, ఒకే రంగు కాయితం. ఇది ఒకటి. రెండోది రేపల్లె కరుణమ్మ టీచరు గారిది, ఊరగాయల పుస్తకం. ఆవిడ వచ్చి చెప్పారు సార్, కోటయ్యా ఏదో కలిసిపోయిందని. నేను ఆవిడకి కూడా నంబర్లు చూపించి, కరెక్టుగానే ఉందండని పంపించేశాను. పదకొండేళ్ళయింది. ఇంకేం మాట్లాడకుండా వెళ్ళిపోయారావిడ."

 సన్నటి కత్తితో దారాలు కోసి, ఊరగాయల ఫారాన్ని చిరుగు లేకుండా బయటికి తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాడు. ఒక సూది, మైనం పూసిన దారం కూడా ఇచ్చాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

"ఆవిడకి ఇవి ఇచ్చి, కోటయ్య తప్పు ఒప్పుకున్నాడని చెప్పండి సార్. నేనొస్తే మొహం చూపించలేను."

ఆయన కళ్ళజోడు వంకర పోయి ఉంటే సరిచేసి పెట్టాను. కుడి కన్ను నంబరు మారిందని కూడా చెప్పాను. నా చేతనయింది అది.

రేపల్లె: పట్టాలు అయిపోయే చోటు

తెనాలి నుంచి రేపల్లె బండి తాపీగా పోతుంది. వేమూరులో ఒకాయన దిగి, ఎవరికో ఏదో చెప్పి, మళ్ళీ ఎక్కాడు. భట్టిప్రోలులో ఒక పెద్దావిడ నాకు సగం జామకాయ ఇచ్చి, మిగతా సగం తింటూ నా జీతం అడిగింది. షాపు అని చెబితే "ఏంటి, గవర్నమెంటు కాదా" అని జాలిపడింది. రేపల్లెలో పట్టాలు అయిపోతాయి. రైలు ఇక పోవడానికి చోటు లేక ఆగినట్టు ఆగుతుంది. దిగగానే కొత్త బియ్యం వాసన, తవుడు వాసన, రైసు మిల్లుల రొద. ఆ రొదలో నా పట్టుదల కూడా వినిపించింది.

కరుణమ్మ టీచరు గారి ఇల్లు బస్టాండుకు దగ్గరే. ఆవిడ పెట్టే ఊరగాయల జాడీలు అక్కణ్ణించే చుట్టుపక్కల ఊళ్ళ బస్సులెక్కుతాయట. తెల్లచీర, మెడలో చిన్న సిలువ, డెబ్భై ఏళ్ళ వయసు, డెబ్భై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగల కళ్ళు. నేను గుమ్మంలో నిలబడి నోరు తెరవబోయాను.

"మాట్లాడకు" అంది. "నీ పేరు మూర్తి. ఊరు కాకినాడ. నువ్వు టీలో చక్కెర వేసుకోవు. నిన్న సముద్రం నీ ఎడమకాలి చెప్పు తీసుకుపోయింది. నీ సంచిలో నా మాగాయ ఉంది."

 పదిహేనేళ్ళుగా ఈ విద్యలో ఉన్నవాణ్ణి. బట్టలు చూసి ఊరు చెప్పడం తెలుసు, చేతులు చూసి వృత్తి చెప్పడం తెలుసు, కాని సముద్రంలో పోయిన చెప్పు ఏ కాలిదో చెప్పినవాళ్ళని చూడలేదు. నిజంగానే దొరికింది, అసలైన శక్తి ఉన్న మనిషి దొరికింది అనుకుని, కుర్చీ చూసుకోకుండా ధాన్యం బస్తా మీద కూర్చున్నాను. ఆవిడ మంచినీళ్ళిచ్చి, నేను తాగేదాకా ఆగింది.

"పొద్దున కోటయ్య ఫోను చేశాడు నాయనా."

నీళ్ళు పొలమారాయి. మా విద్యలో మొదటి పాఠం ఇదే. ప్రేక్షకుడు రాకముందే అతని సంగతి తెలుసుకుని పెట్టుకోవడం. నేను ప్రతి ప్రదర్శనకూ చేసే పనితోనే నన్ను పడగొట్టింది.

"కోటయ్య గారు తప్పు ఒప్పుకున్నారండి" అన్నాను.

"ఫోనులో నాకు చెప్పలేకపోయాడు. చెప్పు సంగతీ టీ సంగతీ చెప్పి, అసలు సంగతి దగ్గర పెట్టేశాడు. నువ్వు చెబుతావని తెలుసు. సరే, పోన్లే. పని మంచిదే, అట్ట ఇంకా గట్టిగానే ఉంది."

ఆవిడ ఊరగాయల పుస్తకం తెచ్చింది. అరవై నాలుగో పేజీ చివర "ముక్కలను మూడు దినములు ఎండనిచ్చి" అని ఉంది. అరవై అయిదులో నా మహనీయుడు "శ్వాస బిగబట్టి నిశ్చలుడై నిలిచెను."

"మొదటి ఏడాది మాగాయ పెడదామని తెరిస్తే ఇదీ వరస. ఊపిరి బిగబట్టాను కూడా. ఏం లాభం లేకపోయింది. అప్పట్నించి నా సొంత బుద్ధితోనే పెడుతున్నా" అంటూ నేను తెచ్చిన ఫారం అందుకుంది. చదువుతుంటే ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. బల్ల సొరుగులోంచి ఎర్ర పెన్ను తీసింది. ఉప్పు దగ్గర ఒక గీత, మెంతిపిండి దగ్గర ఒక సున్న. చివర పదికి నాలుగు మార్కులు వేసింది.

"నా మాగాయే బాగుంది" అంది.

అప్పుడు నా పదహారు పేజీలు నా చేతికొచ్చాయి. మూడు రోజుల ప్రయాణం, ఒక చెప్పు, ముప్పై వేల ఆశలు. తీరా చదివితే, చెంచా వంచాలంటే సాధకుడు నలభై ఒక్క రోజులు ఉప్పు, పులుపు, కారం మానెయ్యాలట. అది చదివే సమయానికి నా ముందు ఆవిడ పెట్టిన భోజనం ఉంది. వేడన్నం, పప్పు, నెయ్యి, అయిదు రకాల ఊరగాయ. ఇక కన్నులారా చూసిన ప్రదర్శన ఒక్క వాక్యం: "ఆ మహనీయుడు బల్లను కదిలించెను. అందరును చూచిరి." నమ్మించే పుస్తకమే ఇది కూడా. మొదటి రకం.

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఇంకో నాలుగు రోజుల్లో ఆదివారం, సంఘం వార్షికోత్సవం. కళ్ళ ముందు తంబోలా అంకెలు తిరిగాయి.

"మార్జిను చూడు" అంది ఆవిడ.

అప్పుడు చూశాను. పదహారు పేజీల అంచులన్నీ ఎర్ర సిరాయే. పదకొండేళ్ళ కింద ఆ పేజీల్ని కూడా ఆవిడ దిద్దింది. "అందరూ అంటే ఎంతమంది? ఎక్కడ కూర్చున్నారు?" "దీపం ఎటు వైపు?" "బల్లకు కాళ్ళెన్ని? నేల పల్లమా?" "గాలి ఎటు నుంచి?" "ముందుగా బల్ల పట్టుకుని చూసినవారెవరు?" "కదిలినాక తిరగేసి చూశారా?" చివర: "జవాబులు లేవు. పదికి రెండు."

నేను వెతుకుతున్న మూడో రకం పుస్తకం అదే. నల్ల అక్షరాల్లో కాదు, ఎర్ర అక్షరాల్లో ఉంది. ఆ ప్రశ్నలన్నీ మా హెడ్మాస్టరు గారి గొంతుతో నా చెవిలో మోగాయి. నా అవమానం సంగతి ఆవిడకు చెప్పాను. ఫ్యాను దగ్గర ఆవిడ నవ్వు ఆపుకోలేదు.

"ప్రశ్నలు దొరికాయండి. కదిలే వస్తువే లేదు" అన్నాను.

"చేతులు కడుక్కుని వంటింట్లోకి రా."

వంటింటి బండ నున్నటి నల్లరాయి. దాని మీద నీళ్ళు చిలకరించింది. మరుగుతున్న నీళ్ళలో స్టీలు గ్లాసు తిప్పి తీసి, తడిబండ మీద బోర్లించి, చేతులు వెనక్కి కట్టుకుంది. గ్లాసు ఒక్క క్షణం ఊరుకుంది. తరవాత దానంతట అది, ఎవరో పిలిచినట్టు, జానెడు దూరం జరిగి ఆగింది.

"వేడికి లోపలి గాలి ఉబ్బి గ్లాసుని ఒక వెంట్రుక ఎత్తు లేపుతుంది నాయనా. తడి మీద జారుతుంది. బండ కాస్త వాలుగా ఉండాలి, ఒక అంచు కింద అగ్గిపుల్లంత ఎత్తు చాలు. నా పెళ్ళయినప్పట్నించి ఇది కదులుతూనే ఉంది, నేనే చూడలేదు. నీ పుస్తకం చదివి, ఏదైనా దానంతట అది కదులుతుందా అని ఇల్లంతా చూస్తే, ఇది కనపడింది. ఆ పుస్తకం చేసిన మేలు అదొక్కటే."

నేను పద్నాలుగుసార్లు చేశాను. రెండుసార్లు చెయ్యి కాలింది. ఆ తరవాత ఫారాలు కుట్టడానికి కూర్చుని, సూది మూడుసార్లు వేలికి గుచ్చుకుంటే, ఆవిడే లాక్కుని రెండు పుస్తకాలూ కుట్టేసింది. వచ్చేటప్పుడు ఒక మాట చెప్పింది: "ప్రశ్నలు వాళ్ళు అడగకముందే నువ్వే అడుగు."

మళ్ళీ తెనాలి

ఏడు రోజుల గడువు ఇంకా ఉండగానే పుస్తకం తిరిగిచ్చేశాను. జిలేబీల ఆయన పూచీ నిలిచింది, ఆ ఆనందంలో ఇంకో రెండు వందల గ్రాములు తిన్నాను. వెంకటరత్నం గారు ఎర్రసిరా చూసి కోప్పడతారనుకున్నాను. ఆయన నిలబడి పదహారు పేజీలూ చదివారు.

"ఇప్పుడు చదవొచ్చండి దీన్ని. అద్దె పెంచాలి" అన్నారు.

ఆ పేజీలు అక్కడే జిరాక్సు తీయించుకున్నాను, పేజీ రెండు రూపాయలు. ఎర్రసిరా నల్లగా వచ్చింది, ప్రశ్నల పదును మాత్రం తగ్గలేదు.

ఆదివారం

వేదిక మీదికి నల్లరాతి పలక ఒకటి మోసుకెళ్ళాను. ఏనుగు పిల్లంత బరువు. మైకు అందుకుని మొదట చెప్పింది ఒకటే మాట: "ఫ్యాన్లు ఆపండి."

హాలంతా కదిలింది. హెడ్మాస్టరు గారు మూడో వరసలో నిటారుగా కూర్చున్నారు. ఆయన్ని పైకి పిలిచాను. ఎర్రసిరా ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే ఆయన్నే అడిగాను. "లైటు ఎటు వైపు ఉందండి? బల్లకు కాళ్ళెన్నండి? గ్లాసులో దారం ఉందేమో చూడండి. పలక కింద అయస్కాంతం ఉందేమో చెయ్యి పెట్టి చూడండి." ఆయన అన్నీ వెతికారు. అంచు కింద ఉన్న అగ్గిపుల్ల మీద ఆయన వేలు పడింది, కాని అయస్కాంతం వెతికేవారికి అగ్గిపుల్ల కనపడదు. "శుద్ధి" అని చెప్పి ఫ్లాస్కులోని నీళ్ళతో గ్లాసునీ పలకనీ కడిగాను. గ్లాసు బోర్లించి, నా రెండు చేతులూ ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన గట్టిగా పట్టుకున్నారు. దొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

ఒకటి, రెండు, మూడు. నా గుండె మైకులో వినిపించింది. నాలుగు.

గ్లాసు కదిలింది. జానెడు. కొలుచుకోవచ్చు.

మగవాళ్ళ వైపు నూరుమంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. కార్యదర్శి గారి చేతిలో తంబోలా సంచీ జారిపోయింది. ఆడవాళ్ళ వైపు ఎవరూ లేవలేదు. అక్కడ మాత్రం కొంగులన్నీ ఒక్కసారి మూతుల మీదికి వెళ్ళాయి. ముందు వరసలో లలిత నా వంక చూసింది, పక్కావిడ వంక చూసింది, ఆవిడ వెనకావిడ వంక చూసింది. రోజుకి రెండు పూటలా గిన్నెలు కడిగే నలభై మంది, ఆ గ్లాసుని పుట్టి బుద్ధెరిగినప్పట్నించి చూస్తున్నవాళ్ళు. నేను చెమటతో తడిసిపోయాను. కరుణమ్మ టీచరు అన్ని ప్రశ్నలు రాసింది కాని, "చూసేవారిలో వంటింటి మనుషులు ఎంతమంది?" అని రాయలేదు.

హెడ్మాస్టరు గారు నా చేతులు వదిలి, పలకని తిరగేసి, గ్లాసుని తిరగేసి, చివరికి మైకు తీసుకున్నారు. ఆయన గొంతు నిజంగా తెలుసుకోవాలనుకునే మనిషి గొంతు.

"ఇదెలా జరిగిందో ఈ హాల్లో ఎవరికైనా తెలుసా?"

మగవాళ్ళ వైపు నిశ్శబ్దం. ఆడవాళ్ళ వైపు కూడా నిశ్శబ్దమే, కాని ఆ నిశ్శబ్దం వేరు. ఆయన చూపు వరసలన్నీ తిరిగి, రెండో వరసలో కూర్చున్న తన భార్య దగ్గర ఆగింది. నలభై ఏళ్ళుగా ఆయన తాగిన ప్రతి గ్లాసునీ కడిగిన మనిషి.

"నీకేమైనా తెలుసా?"

ఆవిడ కొంగు సర్దుకుని, ఎంతో నెమ్మదిగా, "తెలియదండి" అంది.

వచ్చే ఏడాదికి నాకు అరగంట ఇచ్చారు. ఇంటికొచ్చాక లలిత అంట్లపీచు నా చేతికిచ్చి, సాధన మానకూడదంది. అప్పట్నించి ఉదయం, సాయంత్రం మానకుండా చేస్తున్నాను.

మర్నాడు రేపల్లెకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. కరుణమ్మ టీచరు గారు మధ్యలో ఆపి లైటు ఎటుందో అడిగారు, ఎంతమంది చూశారో అడిగారు, చివరిదాకా విన్నారు.

"ఎన్ని మార్కులండి?" అన్నాను.

"ఏడు."

"మిగతా మూడు?"

"ఆ హెడ్మాస్టరు గారి భార్యకి."